నాలుగో నిద్ర

పుంగనూరుకు ఆరేడు మైళ్ల దూరంలో ఒక పల్లె. ఆ పల్లెలో ఒక పట్టు రైతు ఇల్లు. ఇంట్లో అత్త, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, పెళ్లికాని మరిది. బోరు కింద రెండెకరాల మల్బరీ, ఎకరం టమాటా, కొట్టంలో రెండు ఆవులు, ఇంటి వెనక పురుగుల షెడ్డు. కోడలిది కుప్పం. ఆ ఇంటికి వచ్చి పన్నెండేళ్లు.

పురుగు పెంచే ఇంట్లో పెద్దరికం పురుగుదే. షెడ్డులోకి పోవాలంటే కాళ్లూ చేతులూ కడుక్కోవాలి. తలకు వాసన నూనె, ఒంటికి సెంటు పనికిరావు. పక్క చేలో మందు కొట్టారని తెలిస్తే ఆ గట్టు వైపు ఆకు కోయరు. ఎండ ముదిరితే గోనెపట్టాలు తడిపి కిటికీలకు కడతారు. చలి పెడితే కుంపటి పెడతారు. ఇంట్లో మనిషికి జలుబు చేస్తే ఆవిరి పట్టమని ఒక మాట అని ఊరుకునేవాళ్లు, షెడ్డులో గాలి ఆడటం లేదంటే తింటున్న కంచం వదిలి లేస్తారు. ఇల్లు దాని మీదే నడుస్తుంది కాబట్టి అందులో ఎవరికీ తప్పు కనపడదు.

గూడు కట్టేలోపు పట్టుపురుగు నాలుగుసార్లు నిద్రకు పోతుంది. మొదటి రెండూ లేత పురుగుల్ని పెంచి ఇచ్చే చాకీ కేంద్రంలోనే అయిపోతాయి. మూడోదీ నాలుగోదీ రైతు ఇంట్లో. నిద్రకు ముందు పురుగు మేత తగ్గిస్తుంది. దాని చర్మం బిగుసుకుని మెరుస్తుంది. తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. చూసేవాళ్లకు ఊరికే ఉన్నట్టే ఉంటుంది గానీ లోపల పాత పొర వదిలి కొత్త పొర వేసుకునే పెద్ద పని జరుగుతుంటుంది. ఆ ఒక్క రోజూ ఆకు వేయకూడదు, పడక కదపకూడదు. సున్నం పొడి పలచగా చల్లి, తలుపు దగ్గరికి వేసి వచ్చేయాలి. తొందరపడి ఆకు వేస్తే ముందు లేచినవి తినేసి పెరుగుతాయి, నిద్రలో ఉన్నవి వెనకబడతాయి. ఆ ఎచ్చుతగ్గులు గూడు కట్టేదాకా పోవు.

ఈ విద్య అత్తకు చూపులోనే ఉంది. ఆమెకు చదువు రాదు. అయినా అరల మధ్య ఒకసారి నడిచి వచ్చి, "రేపు పొద్దున్నే పండుకుంటాయి" అందంటే పండుకునేవి. ఆమె చెబుతుంటే మనవడు షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాసేవాడు: పురుగు ఇంటికి వచ్చిన తేదీ, మూడో నిద్ర, నాలుగో నిద్ర, గూడు కట్టడానికి చంద్రికల మీదికి ఎక్కించే రోజు. ఆ గోడ చూస్తే ఇంట్లో ఎవరైనా ఏ రోజు ఏం చేయాలో, ఏ రోజు ఏం చేయకూడదో చెప్పగలరు.

కోడలి రోజుకు అలాంటి గోడ లేదు. నాలుగున్నరకు లేస్తే కల్లాపి, ముగ్గు, పాలు పితికి కేంద్రానికి పంపడం, పిల్లల డబ్బాలు, పురుగుకు ఆకు, వంట, టమాటా కోతకు వచ్చిన కూలీలకు కాఫీ, మళ్లీ ఆకు, సాయంత్రం పాలు, వంట, రాత్రి ఆకు. ఇది చేతులతో చేసే పని. తలలో మోసేది వేరే ఉంది. అత్త చక్కెర మాత్రలు అయిపోవచ్చాయి. చిన్నదాని స్కూలు ఫీజుకు శుక్రవారం ఆఖరు. గ్యాస్ బుక్ చేయాలి. పొదుపు సంఘం కంతు ఎల్లుండి. ఎర్రావు ఎదకొచ్చి ఎన్ని రోజులైంది? ఇవన్నీ గుర్తున్నాయి కాబట్టి ఇంట్లో మిగతావాళ్లకు వాటిని గుర్తుపెట్టుకునే అవసరం రాలేదు. గుర్తుపెట్టుకునే అవసరం రాలేదు కాబట్టి అవి ఉన్నాయనే తెలియదు.

ఆమె తినేది అందరి తర్వాత. సంగటి ముద్ద నడుమ గుంట చేసి, ఊరుబిండి వేసుకుని, ఒక కబళం నోట్లో పెట్టుకునేసరికి ఎవరో పిలుస్తారు. తిరిగొచ్చేసరికి ముద్ద మీద పొర కట్టి ఉంటుంది. ఆ పొర తీసి పక్కన పెట్టి ఇంకో కబళం తినేది. కొన్నాళ్లకు ఆ పొర తీయడం మానేసింది. కంచం అలాగే ఎత్తి కుడితి తొట్టిలో వేయడం మొదలుపెట్టింది. ఆవులు తిన్నాయి. మనుషులు చూడలేదు.

ముందు ఒళ్లు అలసింది. తర్వాత, ఎంత అలసినా రాత్రిళ్లు నిద్ర పట్టకుండా పోయింది. తర్వాత మాట తగ్గింది. చిన్నది బొమ్మ గీసి తెచ్చి చూపిస్తే, తలెత్తకుండా "ఆడ పెట్టు" అంది. ఒకప్పుడు ఆ పిల్ల గీసిన ప్రతి కోడిపెట్టకూ పేరు పెట్టి నవ్వినది ఆమే. ఇప్పుడు పిల్ల గొంతు ఎక్కడో పక్కింట్లోంచి వినిపిస్తున్నట్టు ఉండేది. పప్పు మాడింది. పాల లెక్క తప్పింది. "ఇంత చిన్న పని కూడా నాకు చాతగాలేదు" అని తనలో తాను అనుకునేది. ఎవరితోనూ అనలేదు.

ఇంట్లోవాళ్లకు కనిపించింది వేరు. అత్తకు పొగరు కనిపించింది. మొగుడికి ముఖం ముడుచుకుని ఉండటం కనిపించింది. "ఇంట్లో అడుగు పెట్టబుద్ధి కాదు" అని టమాటా గంపలు మదనపల్లె మండీలో దించిన తర్వాత కూడా అక్కడే ప్రొద్దు పుచ్చడం మొదలుపెట్టాడు. మరిది పుంగనూరు హోటల్లో తిని రావడం అలవాటు చేసుకున్నాడు. అమ్మ కసురుకుంటే చిన్నది అన్నను కొట్టేది, అన్న అవ్వ మీద అరిచేవాడు, అవ్వ కోడల్ని అనేది. అందరూ అందరి మీదా కోపంగా ఉన్నారు. ఆ కోపం ఎక్కడ పుట్టిందని అడిగితే అయిదుగురూ ఒకే మనిషి వైపు వేలు చూపించేవాళ్లు.

అలాంటి రోజుల్లో పురుగు నాలుగో నిద్రకు వచ్చింది. అది లేచిందంటే ఏడెనిమిది రోజులు ఇంటికి ఊపిరి ఆడదు. పురుగు తన బతుకంతా తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఆ చివరి దశలోనే తింటుంది. ఎంత కోసినా చాలదు.

మొగుడు అర్ధరాత్రే గంపలతో మదనపల్లెకు పోయాడు. తెల్లవారుజామున కోడలు లేచి, అన్నీ పండుకున్నాయో లేదో చూద్దామని షెడ్డులోకి పోయింది. అన్నీ పండుకున్నాయి. ఆకు నమిలే చప్పుడు లేదు. మసక చీకటి. సున్నం వాసన. ఆ ఇంటి మొత్తంలో, ఆ రోజు మొత్తంలో, గొంతెత్తి ఎవరూ పిలవని చోటు అదొక్కటే. గోడవార గోనెపట్టాల మీద కూర్చుంది. కూర్చున్నది ఒరిగింది.

ఆరున్నరకు పాల బండి హారన్ కొట్టి కొట్టి పోయింది. ఏడున్నరకు స్కూలు ఆటో వచ్చింది. చిన్నదానికి జడ లేదు, పెద్దవాడికి డబ్బా లేదు. ఆటో కూడా పోయింది. అత్త మాత్రల డబ్బా ముందర పెట్టుకుని కూర్చుంది. మూడు రకాల మాత్రలు. తినకముందు వేసుకునేది ఏదో ఆమెకు తెలియదు. ఆరేళ్లుగా కోడలు అరచేతిలో పెట్టి ఇస్తే మింగింది, అంతే. మొగుడు మండీ నుంచి ఫోన్ చేశాడు, బ్యాంకు పుస్తకం నంబరు కావాలని. ఫోన్ వంటింటి గూట్లో మోగి మోగి ఆగింది.

పక్కిళ్లల్లో అడిగారు. మల్బరీ తోటలో వెతికారు. మరిది మాటా పలుకూ లేకుండా పోయి, పాత బావి గట్టున నిలబడి లోపలికి చూసి వచ్చాడు. ఎందుకు పోయావని ఎవరూ అడగలేదు. షెడ్డులో మాత్రం చూడలేదు. నాలుగో నిద్ర రోజు అవసరం లేకుండా ఆ తలుపు ఎవరూ తీయరు.

మధ్యాహ్నం మొగుడు పరుగున వచ్చాడు. పురుగు లేచే సమయం చూసుకోవడానికి అత్త తలుపు తీసింది, అతను వెనకే ఉన్నాడు. గోడవార ఒక చెయ్యి తల కింద పెట్టుకుని కోడలు నిద్రపోతోంది. అతనికి ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే కోపం వచ్చింది. "మే, ఏం పనిమే ఇది" అంటూ భుజం పట్టి కుదపబోయాడు.

తల్లి అతని మణికట్టు పట్టుకుంది.

"లేపొద్దురా. నిద్రలో ఉండేదాన్ని కదపగూడదు."

నలభై ఏళ్లుగా ఆ షెడ్డులో అన్న మాటే. అలవాటుగా వచ్చేసింది. వచ్చిన తర్వాత ఆమెకే వినిపించింది. పురుగును చూసే చూపుతో కోడల్ని మొదటిసారి చూసింది. ఎండిన పెదవులు. కంఠం కింద లేచిన ఎముక. వదులై మోచేతిదాకా జారిన గాజులు.

"ఈ పిల్ల మేత తగ్గించి ఎన్నాళ్లయిందిరా?"

కొడుకు దగ్గర జవాబు లేదు. ఆమె దగ్గరా లేదు. తలుపు దగ్గరికి వేసి, గడప బయట కూర్చుంది. పొద్దు వాలేదాకా కదలలేదు. మాట్లాడబోయినవాళ్లను చేత్తోనే వెనక్కి పంపింది.

కోడలు లేచి, గాబరాగా, "పాలు... అత్తా..." అంది.

"పోయినాయి. పోనీ. ఒగ పూటవే గదా."

ఆ రాత్రి అత్త మనవణ్ని సుద్దముక్క తెమ్మంది. షెడ్డు గోడ మీద పురుగు తేదీల పక్కన ఖాళీ చూపించి, ఇంట్లో పనులన్నీ చెప్పమని కోడల్ని అడిగింది. కోడలు చెబుతూ పోయింది, పిల్లవాడు రాస్తూ పోయాడు. కిటికీ కింది దాకా వచ్చేసరికి వాడికి చెయ్యి నొప్పి పుట్టింది. మొగుడు అదంతా చదివి, "నేను సాయం చేస్తాలే" అన్నాడు.

"సాయం గాదురా. నిద్రలో ఉన్నప్పుడు ఆకు వెయ్యొద్దని నీకు దినమూ నేను చెప్తా ఉండానా? నీకే తెలుసు గదా. అట్ల తెలిసుండాల."

ఆవులు మరిదికి పోయాయి. పితకడం ఒక్కటే కాదు, తవుడు ఎప్పుడు తేవాలో, డాక్టర్‌ను ఎప్పుడు పిలవాలో, పాల డబ్బు లెక్క, అన్నీ. పిల్లల బడి, ఫీజు, జడ, డబ్బా తండ్రికి. రాత్రి సంగటి కూడా అతనికే. అత్త తన మాత్రల అట్టల్లో ఒకదానికి ఎర్రదారం చుట్టి, తినకముందు ఇది అని గుర్తు పెట్టుకుంది. పురుగు నిద్రపోయే రోజు కోడలికీ సెలవు అని గోడ మీద రాయించింది. పంట అమ్మిన తర్వాత నాలుగు రోజులు కుప్పం అని దాని కింద రాయించింది.

అంతటితో అన్నీ చక్కబడలేదు. సంగటి ఉండలు కట్టింది. మరిది రెండు పూటలు పాలు మరిచిపోయాడు. మూడో పూట ఆవే అరిచి గుర్తు చేసింది. తండ్రి వేసిన జడ బడికి పోయేలోపే ఊడిపోయేది. అన్నిటికన్నా కష్టం కోడలికే అయింది. ఉండలు కట్టిన సంగటి చూసి తెడ్డు లాక్కోబోయింది. అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండలు తింటే ఎవురూ సావరు" అంది.

గూళ్లు మామూలు ధరకే పోయాయి. కోడలు పుంగనూరులో ఉచిత బస్సు ఎక్కి, పలమనేరు మీదుగా కుప్పం పోయింది. పండగ కాదు, పెళ్లి కాదు, పేరంటం కాదు. ఒంటరిగా వచ్చిన కూతుర్ని గడపలోనే నిలబెట్టి తల్లి అడిగింది: "కొట్లాడుకొని వచ్చినావా?" కూతురు కాదంది. రెండు రోజులు తల్లి నమ్మలేదు. మూడో రోజు అల్లుడు ఫోన్ చేసి, చిన్నదానికి జడ ఎన్ని పాయలు తీయాలని అడిగితే అప్పుడు నమ్మింది.

నీతి

విశ్రాంతిని ఎవరో ఒకరు కాపలా కాస్తే తప్ప ఇల్లాలికి అది దొరకదు. ఇంట్లో ప్రేమ లేక కాదు. కథలోని ఇంట్లో అందరికీ ఆమె కావాలి. కనిపించకపోతే బావిలోకి తొంగిచూసేంతగా కావాలి. అయినా ఆమె అలసటను కనిపెట్టే బాధ్యత ఎవరికీ లేదు. పురుగు విషయంలో ఆ బాధ్యత ఒకరికి ఉంది, దానికి ఒక గోడ ఉంది, తేదీ ఉంది.

ఈ అలసటకు వైద్యులు వాడే మాట బర్నవుట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన 11వ వ్యాధుల వర్గీకరణలో దాని లక్షణాలు మూడు ఉన్నాయి: ఒంట్లో, మనసులో శక్తి అడుగంటడం, చేసే పని మీద మనసు విరిగిపోవడం, నాకేమీ చేతకావడం లేదనే భావం. కథలో కోడలికి మూడూ ఉన్నాయి. అయితే అదే పుస్తకం ఒక గీత గీసింది. ఇది ఉద్యోగానికి సంబంధించిన స్థితి అనీ, జీవితంలో వేరే అనుభవాలకు ఈ పేరు వాడకూడదనీ రాసింది. జీతం ఉంటే బర్నవుట్, జీతం లేకపోతే దానికి ఆ పుస్తకంలో చోటు లేదు. నాకిది పెద్ద అన్యాయంగా కనిపిస్తుంది. సెలవు అడగడానికి పైఅధికారి, రాజీనామా ఇవ్వడానికి కాగితం, పని ముగించి ఇంటికి పోవడానికి ఒక వేళ, ఇవేవీ లేని పనిలో మనిషి ఇంకా తొందరగా అడుగంటుతుంది కదా?

పరిశోధకులు కొందరు ఆ గీత దాటారు. బెల్జియంకు చెందిన ఇసబెల్ రోస్కామ్, మొయిరా మికొలాజ్‌జాక్ పిల్లల పెంపకంలో తల్లిదండ్రులు ఇలా అడుగంటడం మీద పని చేశారు. 2021లో అచ్చయిన వాళ్ల అధ్యయనంలో 42 దేశాల తల్లిదండ్రులు ఉన్నారు. ఎవరి బతుకు వాళ్లదే అనే వ్యక్తివాదం బలంగా ఉన్న సమాజాల్లో ఈ స్థితి ఎక్కువగా కనిపించింది. ఉమ్మడి కుటుంబాల వాళ్లం కదా, మనకేం భయం అని దీన్ని చదివి అనుకోవచ్చు. కథలోని ఇల్లూ ఉమ్మడి ఇల్లే. ఇంట్లో ఎంతమంది ఉన్నారు అనేది ఒక లెక్క, ఆ మందిలో పని ఎంతమంది తల మీద ఉంది అనేది వేరే లెక్క.

చేతుల పనికి మాత్రం మన దేశంలో లెక్క ఉంది. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి పెడుతున్నారు. 2019 సర్వేలో ఆ అంకెలు 299, 97. ఐదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గాయి, మగవాళ్లకూ తొమ్మిది తగ్గాయి. ఆమె నుంచి దిగిన పని అతని చేతికి పోయిందనుకోవడానికి ఇందులో ఏమీ లేదు. కంతు ఎల్లుండి అనీ, మాత్రలు అయిపోయాయనీ తలలో తిరిగే పని ఈ నిమిషాల్లోకి రానే రాదు.

కుటుంబం సరిగ్గా నడుస్తోందా లేదా అని కొలవడానికి కూడా ఒక పద్ధతి ఉంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పేరుతో నేథన్ ఎప్‌స్టీన్ బృందం దాన్ని తయారు చేసింది. 1983లో ప్రశ్నావళిగా వచ్చింది. కష్టం వస్తే కలిసి తేల్చుకుంటారా, మనసులో మాట తిన్నగా చెప్పుకుంటారా, ఎవరి పని ఏమిటో తెలుసా, అది సమంగా పంచారా, ఒకరి బాధ ఇంకొకరికి తగులుతుందా, ఇలాంటివి అందులో అడుగుతారు. కథలోని ఇంటిని ఈ ప్రశ్నలతో చూస్తే పని పంపకంలో మొదలైన లోపం మాటలోకి, మాట నుంచి కోపంలోకి, కోపం నుంచి పిల్లల తన్నులాటలోకి దిగడం కనిపిస్తుంది. ఇది రెండు వైపులా నడుస్తుంది. పంపకం లేని ఇల్లు ఆమెను అడుగంటిస్తుంది, అడుగంటిన మనిషి మాట తగ్గించేసరికి ఇల్లు ఇంకా చెదురుతుంది. మొగుడు మండీలోనే ప్రొద్దు పుచ్చితే ఆ గంటల పని కూడా ఆమె మీదే పడుతుంది. ఇలాంటప్పుడు ఆమెను మాత్రమే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయి, ఇంటిని అలాగే ఉంచితే ఆ వైద్యం నిలబడదు.

డాక్టర్ దగ్గరికి పోవద్దని కాదు. తప్పకుండా పోవాలి, ముందు రక్తం చూపించుకోవడానికి పోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉంది. థైరాయిడ్ తగ్గినా ఇదే నీరసం, ఇదే మరుపు. పొర కట్టిన సంగటి ముద్దను కుడితిలో వేసే మనిషికి మనసు బాగోలేదా, రక్తం లేదా అన్నది చూడకుండా తేల్చకూడదు. ఆమెకు బతకాలని లేదనే ఆలోచన వస్తున్నా, ఇంట్లోవాళ్లకు ఆ అనుమానం వచ్చినా 14416కు ఫోన్ చేయాలి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, పగలూ రాత్రీ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మరిది బావి గట్టుకు పోవడం నేను కథ రక్తి కట్టడానికి పెట్టింది కాదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2021లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న ఆడవాళ్లు 45,026 మంది అయితే, అందులో 23,178 మంది గృహిణులు. కారణాలు ఎన్నో ఉంటాయి, అన్నిటినీ అలసట ఖాతాలో వేయడం తప్పు. కానీ సగానికి మించి ఒకే రకం పనిలో ఉన్నవాళ్లయినప్పుడు ఆ పనిని కూడా చూడాలి.

ఆ పనికి మన కోర్టులు విలువ కట్టాయి. 2021 జనవరి 5న సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో తీర్పు ఇచ్చింది. అందులో మన తెలుగువాడు జస్టిస్ ఎన్.వి. రమణ ప్రత్యేకంగా రాసిన భాగంలో, ఇంటిపనికి ఆదాయం లెక్కగట్టడం ఆ శ్రమను గుర్తించడమేనని వివరించారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ముఖ్యమైన పని అన్న ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు, మగవాళ్లు 58 లక్షల లోపు అని కూడా అందులో ఉంది. మంచి తీర్పు. అయితే ఇది బీమా పరిహారం కేసు. ఇల్లాలి పనికి రూపాయల్లో విలువ పలికేది ఇలాంటి కేసుల్లోనే, అంటే ఎక్కువగా ఆమె చనిపోయిన తర్వాతే. బతికుండగా ఆ విలువ కట్టాల్సినవాళ్లు ఇంట్లోనే ఉన్నారు.

ఇంటిపనిని గుర్తించాలనే మాట మదనపల్లెకు కొత్త కాకూడదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి థియొసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడు జనగణమనకు స్వరం కట్టడంలో తోడ్పడిన మార్గరెట్ కజిన్స్‌ను ఊరు ఆ పాట కోసమే గుర్తుపెట్టుకుంది. ఆమె అప్పటికి రెండేళ్ల ముందే, 1917లో, భారతీయ మహిళా సంఘాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టడం వెనకా ఆమె ఉన్నారు. ఆ సభే 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కాలేజీ పెట్టి, ఇంటిపనిని గృహశాస్త్రంగా చదివించింది. ఇంటిపనికి చదువు అవసరమని ఒప్పుకోవడం అప్పట్లో చాలా పెద్ద అడుగు. ఆ చదువు చాలాకాలం ఆడపిల్లలకే మిగిలిపోవడం మాత్రం నష్టం. మగపిల్లవాడికి సంగటి కెలకడం, జడ వేయడం, ఫీజు తేదీ గుర్తుంచుకోవడం ఏ బడీ నేర్పలేదు, ఏ ఇల్లూ నేర్పలేదు. ఉండలు కట్టేది అందుకే.

"మా అవ్వలు ఇంతకు పదింతలు చేశారు, వాళ్లకు లేని రోగం వీళ్లకెందుకు?" అని అడిగేవాళ్లు ఉంటారు. అవ్వలు చేసిన పని ఎక్కువే. వాళ్లు అడుగంటలేదని మాత్రం మనకెవరు చెప్పారు? నలభై ఏళ్లకే ముసలివాళ్లైపోయిన ఆ ఆడవాళ్లను, ఊరికే కసురుకుంటుందని, దెయ్యం పట్టిందని, మాట పడదని చెప్పుకున్న ఆడవాళ్లను గుర్తుకు తెచ్చుకుంటే నాకు ఆ ధైర్యం చాలదు. ఇప్పటి కోడలికి వాళ్లకు లేని పనులూ ఉన్నాయి. హోంవర్కు, బ్యాంకు కేవైసీ, ఆధార్ అప్‌డేట్, స్కూలు వాట్సాప్ గ్రూపు, అన్నీ ఆమె ఫోన్‌కే వస్తాయి.

ఈ కథలో నేను ఆమెకు అత్తను, మరిదిని, రోజూ ఇంటికి వచ్చే మొగుణ్ని ఇచ్చాను. పంచుకోవడానికి మనుషులు ఉన్నారు. కుప్పంలో చాలా ఇళ్లకు అదీ లేదు. మొగుడు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనికి పోతాడు, రాత్రి ఏ వేళకో దిగుతాడు. కొందరు వారానికొకసారి వస్తారు. ఇంట్లో ఉండేది ఆమె, చంటిపిల్ల, మంచాన పడ్డ మామ. అక్కడ గోడ మీద ఎవరి పేరు రాయాలి? ఆ మొగుడు రైల్లో కూర్చుని చేయగల పనులు ఉన్నాయి. గ్యాస్ బుక్ చేయడం, ఫీజు కట్టడం, మామ మందులు అయిపోయాయా అని వారం ముందే అడగడం అతనివి కావచ్చు. అవి ఆమె తలలోంచి దిగితేనే చాలా తేలిక. కానీ ఆమెకు పగటిపూట రెండు గంటల నిద్ర రైల్లోంచి పంపలేడు.

అందుకు ఊరు కావాలి, మన ఊళ్లలో దానికి నెలనెలా కూర్చునే పొదుపు సంఘాలు ఉన్నాయి. అక్షరాస్యత తరగతుల్లో కలిసి కూర్చున్న ఆడవాళ్లు ఇంటి గుట్టును వీధిలోకి తేగలరని 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. మొగుడి తాగుడు ఇంటి గొడవ అని అందరూ అంటున్న రోజుల్లో వాళ్లు దాన్ని ఊరి సమస్య చేశారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఇప్పుడు అడగాల్సింది అంత పెద్దది కూడా కాదు. సంఘం సమావేశంలో కంతులు రాసిన తర్వాత ఒక వరుస: ఈ నెలలో ఎవరికి పూట భోజనం సహించడం లేదు, ఎవరికి రాత్రి నిద్ర పట్టడం లేదు, ఎవరు మాట్లాడటం తగ్గించారు. అలాంటి మనిషి పేరు వస్తే, వచ్చే నెల రోజుల్లో ఏ మధ్యాహ్నం ఎవరు ఆమె ఇంట్లో కూర్చుని పిల్లనూ మామనూ చూసుకుంటారో అక్కడే తేదీ వేసి, కంతుల పుస్తకంలోనే రాసుకోవాలి.